విద్యార్థులును పత్రికారచనయు

(చేజర్లలో జరిగిన మన సంఘ వార్షికమహాసభయందు, విద్యార్థిగోష్ఠిలో గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభలో విద్యార్థివేతనములు, వసతిగృహములు, వివాహవ్యయములు మున్నగు విషయములపై పెద్దలు అనేకులు ప్రసంగించిరి. మాకు ఒసగబడిన విషయము చిన్నది. మన విద్యార్థులు ఒక చిన్న పత్రికను నడుపదలచినారనియు, అందులకు వలయు ప్రథమపాఠములను చెప్పవలసినదనియు ఆహ్వానసంఘమువారు కోరిరి. అక్షరములను కాగితముపై అచ్చొత్తు విధము అరగంటలో చెప్పి ముగింపవచ్చును. ఆ అక్షరములు చెప్పునది నిజమగునా కాదా యని తేల్చుకొను విధము మాత్రము జన్మమంతయు నేర్చుకొనదగిన విద్య. మేము రెండింటిని గూర్చియు మనవిచేసెదము. కాని రెండవదానిపైననే యెక్కువకాలము నిలిచెదము.

మన జిల్లాయు పత్రికలును

తెలుగుపత్రికల వయస్సు రెండువందల సంవత్సరములకు చేరువగుచున్నది. 1835లో బళ్లారినుండి వెలువడిన సత్యదూతను తొలి తెలుగుపత్రికగా పలువురు పేర్కొందురు. 1838లో చెన్నపట్టణమున వృత్తాంతినియు, 1842లో వర్తమానతరంగిణియు బయలుదేరెను. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని స్థాపించి, లంచగొండులగు ఉద్యోగులను నిర్భయముగా విమర్శించిరి. 1902లో బందరున కృష్ణాపత్రిక పుట్టెను. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా వెలువరించిరి.

ఈ చరిత్రలో మన నెల్లూరుజిల్లా వెనుకబడియుండలేదు. 1885లో పూండ్ల రామకృష్ణయ్యగారు నెల్లూరినుండి అముద్రితగ్రంథచింతామణిని ప్రకటించి, తాటియాకులలో నశించుచున్న గ్రంథములను అచ్చుకెక్కించిరి. నెల్లూరు వెంకట్రామానాయుడుగారి జమీన్ రైతు వారపత్రిక 1930ల దశకమున వెంకటగిరి జమీందారీ రైతుల కష్టములను లోకమునకు తెలిపెను. కావలిలో 1896లో జన్మించిన ఖాసా సుబ్బారావుగారు ఆంగ్లపత్రికారచనలో దేశమంతట పేరొందిరి. వీరెవ్వరును మహాధనికులు కారు. వీరి మూలధనము పట్టుదలయే.

గడచిన శతాబ్దపు తొలిదినములలో అనేక కులసంఘములు తమ తమ పత్రికలను నడిపెను. ఆ పత్రికలు బాలికావిద్యను బోధించినవి. వసతిగృహములకు చందాలు పోగుచేసినవి. దూరదూరముల నున్నవారికి పరస్పరపరిచయము కలిగించినవి. వాటియందొక లోపమును లేకపోలేదు. సన్మానపత్రములును, దాతల ఛాయాచిత్రములును, పెండ్లిపిలుపులును హెచ్చి, వార్త తగ్గిపోయెను. తన యింటివారిని పొగడుటకే పుట్టిన పత్రికను తన యింటివారు సైతము శ్రద్ధగా చదువరు. మన విద్యార్థులు ఆరంభింపబోవు పత్రికకు ఈ గతి పట్టకూడదని మా కోరిక.

వార్త యననేమి?

కొత్తగా జరిగినది, పదిమందికి సంబంధించినది, తెలిసికొన్నవానికి ఉపయోగపడునది వార్త. మంత్రి వచ్చిపోవుటయే వార్తయనియు, కూలిజనుల మాట వార్త కాదనియు భావించుట పొరపాటు. దీనికి నిదర్శనమునకై మనము దూరదేశములకు పోనక్కరలేదు. ఉదయగిరి ప్రాంతమున, కలిగిరి మండలమందలి దూబగుంట గ్రామమును తలచుకొందము.

1991లో మన జిల్లాయందు అక్షరాస్యతోద్యమము ఆరంభమయ్యెను. పగలెల్ల పనిచేసివచ్చిన స్త్రీలు రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనిరి. ఆ పాఠములలో సారాయివలన కూలు సంసారముల ప్రసంగము వచ్చెను. పాఠము చదివినవారు తమ యిండ్ల సంగతి తాము మాటాడుకొనసాగిరి. దూబగుంట స్త్రీలు ఏకమై తమ యూర సారాయంగడిని మూయించిరి. వారికి ముందునిలిచిన రోశమ్మగారు దూబగుంట రోశమ్మగా ప్రసిద్ధిగాంచిరి. ఆ విజయగాథయే తిరిగి పాఠమై ఇతరగ్రామములకు చేరెను. 1992లో ఉద్యమము జిల్లాయంతట వ్యాపించెను. సారాయి వేలంపాటలు పలుమారులు వాయిదాపడెను. దినపత్రికలు ఈ విషయమును చేపట్టెను. ఈనాడు పత్రిక దీనికొక పుటను ప్రత్యేకించెను. 1993 ఏప్రిలులో నెల్లూరుజిల్లాయందును, అదేసంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారాయి నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడెను.

విద్యార్థులు ఇందు గమనింపవలసిన సంగతులు రెండు. ఆ వార్తను పుట్టించినవారు పదవులు లేనివారు, నిన్నమొన్న అక్షరము నేర్చినవారు. వారి మాట పత్రికకెక్కకున్నచో ఉద్యమము అంతదూరము అంతశీఘ్రముగా పోకుండెడిది. కావున విలేకరి యగువాడు సభావేదికవైపు చూచినంతసేపు, వేదికకు వెనుక వంటపాత్రలు తోముచున్నవారివైపును చూడవలెను.

ఆరు ప్రశ్నలు

ప్రతివార్తకును ఆరు ప్రశ్నలు గలవు. ఏమి జరిగెను? ఎవరికి? ఎక్కడ? ఎప్పుడు? ఎందుకు? ఎట్లు? వీటిలో ముఖ్యమైనవానికి మొదటి రెండు వాక్యములలోనే సమాధానము చెప్పవలెను. కథ చెప్పువాడు రహస్యమును తుదకు దాచియుంచును. వార్త వ్రాయువాడు సారమును ముందుంచి, ప్రాధాన్యము తగ్గుకొలది తక్కినదానిని క్రిందికి చేర్చును. పుటలో చోటు చాలనప్పుడు ఉపసంపాదకుడు క్రిందినుండి కోసివేయును. అట్లు కోసినను అర్థము చెడని వార్తయే చక్కగా వ్రాయబడిన వార్త.

ఒక కల్పితోదాహరణము చెప్పెదము. ఒక గ్రామమున చెరువుతూము చెడి పైరు ఎండినదనుకొందము. క్రొత్తగా వ్రాయువాడు ఇట్లు వ్రాయును: "మన ప్రాంతమున కర్షకసోదరుల కన్నీటిగాథ వర్ణనాతీతము. అధికారుల నిర్లక్ష్యమునకు అంతులేదు." ఇందు ఒక్క ప్రశ్నకైనను సమాధానము లేదు. దీనినే ఇట్లు వ్రాయవచ్చును: "తూముతలుపు విరిగి నీరు వృథాగా పోవుటచే ఫలాని చెరువుక్రింద నలుబది ఎకరముల వరి యెండినదని ఆయకట్టురైతులు చెప్పుచున్నారు. బాగుచేయుమని రెండునెలల క్రిందట అర్జీ యిచ్చితిమని రసీదు చూపిరి. అంచనాలు పంపితిమనియు, నిధులు రావలసియున్నవనియు నీటిపారుదలశాఖ ఇంజనీరు తెలిపిరి." ఇందు విశేషణములు లేవు, కన్నీరు లేదు. అయినను చదువరి మనస్సు కదలును. అధికారికి బదులు చెప్పక తప్పదు.

నిజనిర్ధారణము

ఇంతటితో పని ముగిసినదా? లేదు. నలుబది ఎకరములని చెప్పినవారెవరు? ఒక్కరు చెప్పినచో చాలదు; పరస్పరసంబంధము లేని ఇద్దరినైనను అడుగవలెను. చెరువుకట్టపై నడచి, తూమును, కలుజును కన్నులార చూడవలెను. అడంగలులో ఏ పైరు ఎంత విస్తీర్ణమున వ్రాయబడినదో విచారింపవలెను. అర్జీరసీదుపై తేదీని స్వయముగా చదువవలెను. పేర్లను, యింటిపేర్లను, అంకెలను, వారు చెప్పినతోడనే వ్రాసికొని, తిరిగి వారికి చదివి వినిపింపవలెను.

ప్రభుత్వకార్యాలయములలోని పత్రములను చూచుటకు 2005నాటి సమాచారహక్కు చట్టము మనకు గొప్ప సాధనము. తెల్లకాగితముపై అర్జీ వ్రాయవచ్చును. మన రాష్ట్రమున గ్రామస్థాయి కార్యాలయమునకు రుసుము లేదు. మండలస్థాయికి 5 రూపాయలు, అంతకు పైస్థాయికి 10 రూపాయలు. సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలెను. చేజర్ల మండల కార్యాలయమునకు ఒక అర్జీ వ్రాయుట నేర్చిన విద్యార్థి, పది వ్యాసములు కంఠస్థముచేసినవానికంటె పత్రికావిద్యలో ముందున్నవాడు.

ఎవరిపై నింద వచ్చునో వారి మాటను అడుగక వార్తను ప్రకటింపరాదు. వారు పలుకనిచో, అడిగితిమి, పలుకలేదు అని వ్రాయవలెను. చేతిఫోనులయందు వాట్సాపు ద్వారా వచ్చు సందేశము వార్త కాదు. వార్తకు దారిచూపు వదంతి మాత్రమే. ఎవరు పంపిరి, ఎప్పటి చిత్రము, ఏ యూరిది యని తేలునంతవరకు దానిని ఇతరులకు పంపుటయు దోషమే.

ఇప్పుడు అదే యుదాహరణమును ఒక్క అడుగు ముందునకు నడిపింతము. విద్యార్థి విచారింపగా, తూముతలుపు తనంతట విరుగలేదనియు, రాత్రివేళ కొందరు బలవంతముగా ఎత్తుటచే విరిగినదనియు, ఆ యెత్తినవారు మన సంఘమువారేననియు, ఎండినపైరు ఇతరకులములవారిదనియు తేలినదనుకొందము. అప్పుడు ఆ విద్యార్థి యేమి చేయవలెను? పత్రికకు చందా యిచ్చినవారు, వసతిగృహమునకు బియ్యము పంపినవారు, తన మేనమామలు అందుండవచ్చును. పత్రికారచనకు అసలు పరీక్ష యిదియే. తక్కినదంతయు చేతిపని.

మా అభిప్రాయమును దాపరికము లేక చెప్పుచున్నాము. ఆ వార్తను వ్రాయవలెను. తూమెత్తినవారి మాటయు అందుండవలెను. వారికిని ఏదో యొక యిక్కట్టు ఉండియుండును. వారు మనవారనుటవలన ఒక్క అక్షరమైనను తగ్గరాదు, ఇతరులైనచో ఒక్క అక్షరమైనను హెచ్చరాదు. వార్తలో కులముపేరు వార్తకు అవసరమైనప్పుడే రావలెను.

అచ్చుకూటము పనులు

ఇక చేతిపని సంగతి. విలేకరి వ్రాసిపంపినదానిని ఉపసంపాదకుడు పరిశీలించి, తప్పులు దిద్ది, శీర్షిక పెట్టును. శీర్షిక చిన్నదిగను, క్రియతో కూడినదిగను ఉండుట మేలు. వార్తలో లేనిది శీర్షికలో ఉండరాదు. సంపాదకుడు ఏ వార్త ఏ పుటలో, ఎంతచోట నుండవలెనో నిర్ణయించును. వార్తయు, వ్యాఖ్యయు కలసిపోరాదు. వార్త యెట్లు జరిగినదో వార్తాపుటలో ఉండవలెను. మన అభిప్రాయము సంపాదకీయములో ఉండవలెను.

పూర్వము అచ్చు మిక్కిలి కష్టసాధ్యము. తెలుగునకు గుణింతములు, ఒత్తులు కలసి సీసపుటక్షరములు వందలకొలది కావలసియుండెను. కంపోజిటరు నిలువబడి, గళ్లపెట్టెలనుండి ఒక్కొక్క అక్షరమును తీసి, చేతిలోని స్టిక్కునందు తలక్రిందుగా పేర్చెడివాడు. పేర్చిన వరుసలను గ్యాలీలోనికి మార్చి, సిరాపూసి ప్రూఫుతీసి, తప్పులు దిద్ది, చట్రములో బిగించి ట్రెడిలుయంత్రమునకు ఎక్కించెడివారు. అచ్చు ముగిసినపిమ్మట ప్రతి యక్షరమును తిరిగి దాని గడిలో వేయవలసియుండెడిది.

నేడు అక్షరములు కంప్యూటరున కూర్చబడుచున్నవి. పుట సిద్ధమైనపిదప దాని రూపము అల్యూమినియపు పలకపైకి ఎక్కించబడును. ఆఫ్‌సెట్టు పద్ధతియందు పలకపై అక్షరమున్న భాగము సిరాను, తక్కినభాగము నీటిని పట్టుకొనును. ఆ సిరా మొదట రబ్బరుదుప్పటిపైకి, దానినుండి కాగితముపైకి మారును. రంగులచిత్రమునకు నీలము, గులాబియెరుపు, పసుపు, నలుపు అను నాలుగు సిరాలు చాలును. వర్ణములన్నియు వాటి కలయికయే. దినపత్రికల కాగితము చదరపు మీటరుకు సుమారు 45 గ్రాముల తూకముగలది. పెద్ద ఉండలుగా వచ్చి యంత్రములో ఎడతెగక పరుగెత్తును. 1989లో ఈనాడు జిల్లాసంచికలను ఆరంభించినపిమ్మట, గ్రామములవార్తలకు చోటు విస్తరించినది.

మన విద్యార్థులకు ఇంత యంత్రసామగ్రి అక్కరలేదు. మొదట చేతివ్రాత గోడపత్రికను పెట్టుడు. ఆరు సంచికలు తప్పక నడచినపిమ్మట అచ్చునకు పొండు. ఏ-మూడు కొలత కాగితమును నడుమకు మడచిన నాలుగు పుటలగును. మొదటిపుట ముఖ్యవార్తలకు, రెండవది సంపాదకీయమునకు, చదువరుల జాబులకు, మూడవది వ్యవసాయము, విద్య, ఉద్యోగప్రకటనలకు, నాలుగవది ఆటలు, సాహిత్యము, ప్రకటనలకు. ఒకరు సంపాదకులు, ఇద్దరు ఉపసంపాదకులు, ఊరికొకరు విలేకరులు, ఒకరు లెక్కలు చూచువారు చాలుదురు. బాలికలను వంటలశీర్షికకు పరిమితము చేయక, విలేకరులుగను సంపాదకులుగను నియమింపుడు. ప్రూఫును వ్రాసినవారు దిద్దరాదు. తన తప్పు తన కంటికి కనబడదు. సంచికకు తుదితేదీ యొకటి నిర్ణయించి, ఆ దినము రానివార్తకై పత్రికను ఆపకుడు.

చట్టము, ధర్మము

క్రమముగా అచ్చువేసి వార్తలను ప్రకటించు పత్రికకు నమోదు అవసరము. 1867నాటి చట్టమునకు బదులుగా 2023లో చేయబడిన పత్రికల నమోదుచట్టము 2024 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ముద్రాపకుని, ప్రకాశకుని, సంపాదకుని పేర్లు పత్రికపై ఉండవలెను. పేరులేని కరపత్రము పిరికివాని రాయి వంటిది.

పరువునష్టము విషయమున విద్యార్థులు జాగరూకులై యుండవలెను. వ్రాసినది నిజమగుటయేగాక, ప్రజాహితమునకై వ్రాసినదియు కావలెనని నేరశాసనము చెప్పుచున్నది. ఒకరి యింటిగుట్టు నిజమైనను వార్త కాదు. అత్యాచారమునకు గురియైన స్త్రీల పేర్లను, నేరములలో చిక్కిన లేదా నేరమునకు గురియైన పిల్లల పేర్లను, గుర్తుపట్టు వివరములను ప్రకటించుట చట్టవిరుద్ధము. ఆత్మహత్యను గూర్చి వ్రాయునప్పుడు దాని విధమును వర్ణింపరాదు. తప్పుపడినచో, మరుసటి సంచికలో, అందరికిని కనబడుచోట దిద్దుబాటు వేయవలెను. దిద్దుబాటు వేయుటకు సిగ్గుపడు పత్రిక కొలదికాలములోనే నమ్మకమును పోగొట్టుకొనును.

ప్రకటనను ప్రకటనగానే అచ్చువేయవలెను. డబ్బుపుచ్చుకొని వార్తగా వేయు దురాచారము 2009నాటి ఎన్నికలలో మితిమీరగా, ప్రెస్ కౌన్సిలు ఒక ఉపసంఘమును నియమించెను. పరంజయ్ గుహఠాకుర్తాగారును, మన తెలుగువారగు కె. శ్రీనివాసరెడ్డిగారును అందలి సభ్యులు. 2010లో వెలువడిన వారి నివేదిక, రొక్కమునకు వార్తను అమ్ముట ప్రజాస్వామ్యమునకే హానియని తేల్చెను. పల్లెలయందలి విలేకరులు పలువురు చాలీచాలని ప్రతిఫలముతో పనిచేయుచు, ప్రకటనలను సేకరించు బరువును మోయుచున్నారు. ప్రకటన అడుగ వచ్చిన చేతితోనే నిజమును వ్రాయుట యెంత కష్టమో యోచింపుడు. మన చిన్నపత్రికలో లెక్కలు చూచువారు వేరుగను, వార్తలు వ్రాయువారు వేరుగను ఉండవలెనని చెప్పుటకు కారణమిదియే.

పోషకులకు విన్నపము

సంఘపోషకులగు పెద్దలకు ఒక మనవి. ఈ పత్రికకు కావలసిన ధనము మీకు భారము కాదు. ఒక సన్మానపు పూలదండల వ్యయము నాలుగుపుటలను ఒక నెల నడుపగలదు. ధనముకంటె కష్టమైనదానిని మేము అడుగుచున్నాము. మీరిచ్చిన డబ్బుతో నడచు పత్రికలో మీకు నచ్చనివార్త వచ్చిన దినమున, కుఱ్ఱవానిని పిలిపించి మందలింపకుడు. తప్పున్నచో జాబు వ్రాయుడు. రెండవపుటలో మీ జాబునకు చోటుండును. మన వసతిగృహపు జమాఖర్చులనే మొదటి సంచికలలో ప్రకటింపనిండు. ఇంటిలెక్కను దాచి, పొరుగింటిలెక్కను అడుగు పత్రికకు గౌరవముండదు. పత్రికలో మన వార్తలు మాత్రమే గాక, ఈ ప్రాంతమున మనతో కలసి బ్రతుకుచున్న ఎల్లకులములవారి, ఎల్లమతములవారి వార్తలును రానిండు. చెరువు ఒక్కటే, పెన్న ఒక్కటే, బడి ఒక్కటే. వీటి వార్తకు కులము లేదు.

ఇట్టి స్వేచ్ఛవలన సంఘమునకు లాభమేమియని కొందరు అడుగవచ్చును. మన పత్రిక మనవారి తప్పును వ్రాసినదని తెలిసిననాడు, మనకు జరిగిన అన్యాయమును అది వ్రాసినప్పుడు ఇతరులును నమ్ముదురు. అధికారి నమ్మును, న్యాయస్థానము చూచును, పొరుగువాడు తలయూపును. నమ్మకము లేని పత్రిక ఎంత గట్టిగా అరచినను, పందిటిలోని మైకువలె ఆ పందిరి దాటిపోదు.

విద్యార్థులారా! ఈ నెలలోనే మీలో ప్రతియొక్కరు మీ యూర నొక్కవిషయమును ఎన్నుకొనుడు. బడిలో మంచినీరు వచ్చుచున్నదా, చెరువుతూము బాగున్నదా, ఉపాధిపని కూలి సకాలమున చేతికి అందుచున్నదా, సారాయి తిరిగి తలయెత్తుచున్నదా, చూచిరండు. ఇద్దరిని అడుగుడు, ఒక పత్రమును చదువుడు, నింద వచ్చువారి మాట వినుడు. పిదప నూరు మాటలలో వ్రాయుడు. అదియే మీ మొదటి సంచిక.

మన విద్యార్థుల పత్రిక దీర్ఘాయువై, సత్యసంధమై వర్ధిల్లుగాక యని ఆశించుచు విరమించుచున్నాము. స్వస్తి.